తల్లి పక్షి ఎంత తినాలి

పెంగ్విన్ తల్లి సముద్రంలోంచి ఎంత చేప మోసుకొస్తుంది, అందులో తన ఒంటికి ఎంత పోతుంది, పిల్లల నోటికి ఎంత మిగులుతుంది అని లెక్క తీయడం నా ఉద్యోగంగా ఉన్న రోజుల్లోనే, నా కూతురు పాలు చాలక ఎండిపోయింది. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తున్నాను. చివర్లో చెబితే "అయ్యో, నీకు తెలియదా?" అని అడుగుతారు. అలా అడిగే ముఖాలు చాలా చూశాను, ఇక చూసే ఓపిక లేదు. తెలుసు. తెలియకపోవడం అన్నది నా కథలో ఎక్కడా లేదు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచమంతా బెంబేలెత్తిన కాలం అది. మా ఆయనని ఆ బెంబేలే మెల్‌బోర్న్ తీసుకొచ్చింది. అమీర్‌పేటలో కోబాల్ అనే పాత కంప్యూటరు భాష నేర్చుకున్న ప్రతివాడికీ ఏదో ఒక దేశం వీసా ఇస్తున్న రోజులు. ఈయన ఒక బ్యాంకులో కూర్చుని, ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన ప్రోగ్రాముల్లో తేదీలు వెతుక్కునేవాడు. శనీ ఆదీ కూడా ఆఫీసే. నేను విశాఖపట్నంలో జువాలజీ ఎమ్మెస్సీ చేసి, ఆయన వెనకాల డిపెండెంటుగా వచ్చినదాన్ని. క్లేటన్‌లో రెండు గదుల యూనిట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, దగ్గర్లోని యూనివర్సిటీకి వెళ్ళి పని అడిగాను. అక్కడ ఒక ప్రొఫెసరమ్మ, యాభై దాటిన మనిషి, ఎప్పుడూ బురద బూట్లతోనే ఉండేది. ఆవిడ నన్ను పెంగ్విన్ల పనిలో క్యాజువల్‌గా, గంటల లెక్కన, పెట్టుకుంది.

పెంగ్విన్లంటే మంచు మీద నిలబడే పెద్దవి కాదు. ఇవి చిన్నవి. బరువు కిలో ఉంటే గొప్ప. మెల్‌బోర్న్‌కి దక్షిణంగా గంటన్నర దూరంలో ఒక దీవి ఉంది. పగలంతా సముద్రంలో వేటాడి, పొద్దుగూకాక ఒడ్డెక్కి, పొదల్లో ఉన్న గూళ్ళకి గుంపులుగా నడిచి వెళ్తాయి. అవి నడిచే దారికి అడ్డంగా ప్రొఫెసరమ్మ ఒక తూనిక బల్ల పెట్టించింది. ప్రతి పక్షికీ చర్మం కింద చిన్న చిప్పు ఉండేది. బల్ల మీదుగా పక్షి నడవగానే దాని నంబరూ బరువూ షెడ్డులోని కంప్యూటర్లో పడతాయి. వచ్చేటప్పటి బరువులోంచి వెళ్ళేటప్పటి బరువు తీసేస్తే, తేడా దాని పొట్టలో ఉన్న చేప.

అయితే ఆ చేపంతా పిల్లలది కాదు. ఇది అర్థమైతే మొత్తం అర్థమైనట్టే. చల్లటి నీళ్ళలో పగలంతా ఈదడానికి తల్లి చాలా ఖర్చయిపోతుంది. పిల్లలున్నప్పుడు మామూలు రోజులకంటే ఎన్నో రెట్లు కష్టపడాలి, ఆ కష్టానికి తగ్గట్టు తినాలి. పిల్లలు బాగా చిన్నగా ఉన్నన్నాళ్ళు తల్లీ తండ్రీ వంతులు వేసుకుంటాయి. ఒకటి వేటకి పోతే ఒకటి గూట్లో కాపలా. కాపలా ఉన్నదానికి పస్తే. వేటకి పోయింది ఆలస్యం చేస్తే, ఉన్నది తన కొవ్వు కరిగించుకుంటూ ఎదురుచూస్తుంది. అది కూడా కొంతవరకే. ఇంక తన ప్రాణానికే ముప్పొస్తుంది అన్నప్పుడు లేచి సముద్రానికి వెళ్ళిపోతుంది. అప్పుడు పిల్లలు పోతాయి. నేను పనిలో చేరిన ఏడాదే సార్డీన్ చేపలు, మా కాకినాడ వైపు కవళ్ళంటాం, ఏదో రోగమొచ్చి గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ తర్వాత గూళ్ళలో పిల్లలు బతకడం కష్టమైపోయింది. నాకు ఆ బరువులన్నీ నోటికొచ్చేసేవి.

నేను కడుపుతో ఉన్నప్పుడు పురిటికి ఇండియా వెళ్ళలేదు. మా ఆయన కాంట్రాక్టు వదిలి కదలలేడు కనక అమ్మే వచ్చింది. నాన్న పోయాక అమ్మ కాకినాడ దాటి రావడం అదే మొదలు. విమానం దిగగానే క్వారంటీన్ వాళ్ళు ఆవిడ సూట్‌కేసు తెరిచి, గుడ్డలో చుట్టి తెచ్చిన ఎండబెట్టిన పాలసొర ముక్కలు తీసి చెత్తలో వేశారు. బాలింతకి పాలు పడాలంటే మా వైపు పాలసొర పుట్టు చేసి పెడతారు. దాన్ని అమ్మ తానే కొని, కోసి, ఉప్పేసి, మేడ మీద ఎండబెట్టి తెచ్చింది. వాళ్ళ తప్పేం లేదు, విమానంలో ఇచ్చే కార్డు మీద రాయకుండా తెస్తే ఎవరైనా అదే చేస్తారు. కానీ అమ్మ బయటికొచ్చి నన్ను చూసి కూడా నవ్వలేదు.

"నీ పాలు పారబోశారే," అంది.

నేను నవ్వేశాను. ఇక్కడ చేపలకేం తక్కువ అన్నాను. మెల్‌బోర్న్‌లో ప్రతి సందు చివరా చిప్స్‌తో కలిపి అమ్మే వేపుడు చేప చాలావరకు సొరే. అది చెబితే అమ్మ ముఖం చిట్లించింది. నూనెలో ముంచి తీసింది బాలింత ముట్టకూడదట. పోనీ పచ్చిది తెస్తానంటే, ఈ చల్లనీళ్ళ చేప ఒంటికి చలవ చేస్తుందట. అలా మా బాలింత వైద్యంలో ఒంటికి బలమిచ్చే భాగం విమానాశ్రయంలోనే ఉండిపోయింది. తినకూడదు, తాగకూడదు అనే భాగం మాత్రం క్షేమంగా ఇంటికి వచ్చింది. దానికి సూట్‌కేసు అక్కర్లేదు మరి.

అక్టోబరులో పాప పుట్టింది. ఆసుపత్రి నుంచి రాగానే అమ్మ నా చెవుల్లో దూది పెట్టింది, నడికట్టు కట్టింది, గదిలో సాంబ్రాణి వేసింది. పొగ అలారం మోగితే మా ఆయన కుర్చీ ఎక్కి దాన్ని ఊడదీశాడు. అక్కడిదాకా నాకూ సరదాగానే ఉంది. భోజనం దగ్గర సరదా అయిపోయింది. పగలు ఒక్క పూట, పాతబియ్యం అన్నం, వేడి నెయ్యి, వెల్లుల్లి కారం. రాత్రికి రెండు బ్రెడ్డు ముక్కలు కాల్చినవి. పప్పు లేదు, కూర లేదు, పెరుగూ మజ్జిగా పండూ లేవు. దాహమేస్తే వాము వేసి కాచిన నీళ్ళు రెండు గుక్కలు.

"గొంతు తడుపుకో చాలు. నీళ్ళు పడితే నీకు పొట్టొస్తది, పిల్లకి పడిశం పడతది."

ఆ దేశంలో అప్పుడు ఎండాకాలం మొదలవుతోంది. బయట మనుషులు చేతులు లేని చొక్కాలతో తిరుగుతుంటే నేను స్వెట్టరూ మేజోళ్ళూ వేసుకుని, చెవుల్లో దూదితో, నాలుక అంగిట్లో అంటుకుపోయి కూర్చునేదాన్ని. ఒకసారి మా ఆయనతో మొత్తుకున్నాను. ఆయన లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"అత్తయ్య గారు ముగ్గుర్ని పెంచారు. మనిద్దరం కలిసి ఒక్క కుక్కపిల్లని కూడా పెంచలేదు. జస్ట్ ఫాలో అయిపో."

మొదట్లో పాలు బాగానే పడ్డాయి. మూడో వారం నుంచి చేపు తగ్గింది. పాప రొమ్ము పట్టుకుని కాసేపు లాగి, వదిలేసి, ఏడ్చేది. పసిపిల్లల్ని చూడటానికి ఊరి కౌన్సిల్ పెట్టిన నర్సు దగ్గరికి తీసుకెళ్తే తూకం వేసి పెదవి విరిచింది. పెద్దామె, మంచిది, నన్ను లవ్ అనీ డార్లింగ్ అనీ పిలిచేది. "నువ్వు సరిగ్గా తింటున్నావా? నీళ్ళు బాగా తాగుతున్నావా?" అని అడిగింది. తింటున్నానన్నాను. మా అమ్మ నాకు కడుపు నిండా అన్నం పెట్టడం లేదని ఒక తెల్లావిడకి ఏ నోటితో చెప్పను? చెబితే మా అమ్మ ఒక్కతే కాదు, మా ఊరంతా ఆవిడ కళ్ళలో రాక్షసులైపోతారు. డబ్బా పాలు కలిపి పట్టమంది ఆవిడ. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అమ్మ ఒప్పుకోలేదు. డబ్బా పాలు అలవాటైతే పిల్ల రొమ్ము ముట్టదు, ఉన్న పాలు కూడా వెనక్కి పోతాయంది. మళ్ళీ పథ్యం బిగించింది. పాప ఒళ్ళు చేయకపోయేసరికి నెయ్యిలో కూడా కోత పడింది. నెల దాటితే సడలించాల్సిన పథ్యం రెండో నెలలోకి పాకింది. పాప చిక్కే కొద్దీ నాకు తిండి తగ్గింది, నాకు తిండి తగ్గే కొద్దీ పాప చిక్కింది. ఇందులోంచి బయటపడే దారి ఎక్కడుందో, ఉద్యోగంలో రోజూ ఇదే లెక్క చేసిన నాకే కనిపించలేదు.

ఒక మధ్యాహ్నం అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు ఫ్రిజ్ తెరిచి, మా ఆయన కోసం కొన్న పెరుగు డబ్బా తీసి, చెంచా కూడా లేకుండా వేళ్ళతో తినడం మొదలుపెట్టాను. అంత ఆకలి అంతకుముందూ తర్వాతా నాకు తెలియదు. అమ్మ తల తుడుచుకుంటూ వచ్చి చూసింది. నా చేతిలో డబ్బా లాక్కుని సింకులో బోర్లించింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. అమ్మ ఏడవగా నేను చూడటం అదే మొదలు. నాన్న పోయినప్పుడు కూడా పదిమందికీ కాఫీలు పెట్టిన మనిషి.

నాకు ముందు ఒకడు పుట్టి పోయాడని మాత్రం నాకు తెలుసు. అలాంటివి మా ఇళ్ళలో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఆ రోజు అమ్మ చెప్పింది.

"వాడు పుట్టినప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. మా అత్తగారు పథ్యం గట్టిగా పెట్టింది. మే నెల. దాహానికి నాలిక పిడచగట్టుకుపోయేది. ఒకరోజు ఆవిడ గుడికెళ్తే కుండలో మజ్జిగ గ్లాసుడు తాగేశాను. ఆ వారం నుంచే వాడికి ఒంట్లో బాగోలేదు. మూడో నెల్లో పోయాడు. గ్లాసు కడిగి పెట్టాను, ఎవరికీ తెలీదనుకున్నాను. దేవుడికి తెలిసింది."

"ఎవరన్నారమ్మా అలా?"

"ఎవరనాలే? నాకు తెలీదూ? పథ్యం తప్పి వాణ్ణి నేనే చంపుకున్నాను. నీకూ తమ్ముడికీ చెల్లికీ మాత్రం చుక్క నీళ్ళు ఎక్కువ తాగలేదు. బతికి బట్టకట్టారు. నా మాట వినవే తల్లీ. దీని ఉసురు కూడా నాకొద్దు."

మేం ముగ్గురం ఎలా బతికామో తర్వాత చాలా ఏళ్ళకి మా పెద్దమ్మ చెప్పింది. మా ముగ్గురికీ ఊళ్ళో గేదె పాలు పట్టారట. అది అమ్మకి లెక్కలోకే రాలేదు. ఆ రోజు మాత్రం నాకు ఇవేవీ తెలియవు. పద్దెనిమిదేళ్ళ పిల్ల దొంగతనంగా గ్లాసు కడిగి బోర్లించడం ఒక్కటే కళ్ళ ముందు ఆడింది. ఇక అమ్మకి ఎదురు చెప్పలేకపోయాను. చదువు నోట్లోంచి రాలేదు. మర్నాటి నుంచి ఆవిడ పెట్టినదే తిన్నాను, ఇచ్చిన రెండు గుక్కలే తాగాను. మా అమ్మ మళ్ళీ అలా నేల మీద కూలబడకూడదు అన్నదే నాకు ముఖ్యమైపోయింది.

డిసెంబరు వచ్చేసరికి పాప ఏడవడం తగ్గించింది. చూడటానికి వచ్చిన తెలుగువాళ్ళందరూ మెచ్చుకున్నారు. మా వీధి చివర ఉండే ఆంటీ అయితే దిష్టి తగులుతుందని బుగ్గకి కాటుక కూడా పెట్టింది.

"బేబీ సో క్వైట్ కదా. యూ ఆర్ లక్కీ అమ్మా. మా వాడు నైట్స్ ఎవ్వరినీ స్లీప్ అవనిచ్చేవాడు కాదు."

అమ్మ ముఖం వికసించింది. పథ్యం పట్టింది, పిల్ల కుదురుకుందంది. నేను కూడా నమ్మాను. నమ్మకం ఎంత హాయో అప్పుడు తెలిసింది.

అప్పుడే ప్రొఫెసరమ్మ ఫోన్ చేసింది. దీవి మీద షెడ్డులో ఉన్న కంప్యూటరు బాగా పాతది, కొత్త సంవత్సరం రాగానే తేదీలు తారుమారై బరువులన్నీ పాడైపోతాయేమోనని ఆవిడ భయం. మీ ఆయన ఆ పనే చేస్తాడు కదా, ఒకసారి చూడగలడా అని అడిగింది. బ్యాంకుల్ని కాపాడే మనిషి పెంగ్విన్లని కూడా కాపాడతానని సరదా పడ్డాడు. ఒక శనివారం అందరం కారెక్కాం. అమ్మ చీర మీద కోటు వేసుకుని, నా చెవుల్లో దూది సరిచూసి, ఫ్లాస్కులో వాము నీళ్ళు పెట్టుకుని బయల్దేరింది. పాప దారంతా నిద్రపోయింది. ఎంత బుద్ధిమంతురాలో అని మా ఆయన అద్దంలోంచి చూసుకుంటూ నడిపాడు.

ఆయన షెడ్డులో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ప్రొఫెసరమ్మ గూళ్ళు చూడటానికి వెళ్తూ నన్నూ అమ్మనీ రమ్మంది. పాప నా ఛాతీకి కట్టిన సంచీలో ఉంది. గాలికి ఉప్పూ చేపా కలిసిన కంపు కొడుతుంటే, అమ్మ ముక్కు మూసుకోకుండా కళ్ళు మూసుకుని పీల్చింది. "మన జగన్నాథపురం రేవు కంపే," అంది.

పొదల్లో చెక్కపెట్టెలు ఉంటాయి, అవే గూళ్ళు. మూత ఎత్తితే లోపల పిల్లలు. మొదటి పెట్టె మూత ఎత్తగానే పిల్ల ఒకటి బూడిదరంగు నూగుతో ఎగిరి ప్రొఫెసరమ్మ వేలు పొడిచి, చెవులు చిల్లులు పడేలా అరిచింది. అమ్మ నవ్వింది. ఇంకో పెట్టెలోనూ అంతే. తర్వాతి పెట్టెలో రెండు పిల్లలు. ఒకటి చచ్చిపోయి అట్టలా అతుక్కుని ఉంది. రెండోది మూలన కూర్చుని మమ్మల్ని చూసింది, అరవలేదు, పొడవలేదు. ప్రొఫెసరమ్మ దాన్ని గుడ్డ సంచిలో పెట్టి కొక్కేనికి తగిలించి తూచింది. మళ్ళీ లోపల పెట్టి మూత మీద చెయ్యి అలాగే ఉంచేసింది.

"ఏమంటుందే?" అని అమ్మ అడిగింది. ఆవిడ ఇంగ్లీషులో అంటున్నదాన్ని నేను యథాలాపంగా తెలుగులో చెబుతూ పోయాను. ఎన్నిసార్లో విన్న పాఠమే కనక, ఆలోచించాల్సిన పని లేదు.

"అరిచే పిల్లల గురించి భయం లేదట. ఎంత గోల చేస్తే అంత మంచిదట. అరవడానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి కదా. ఆకలేసిన పిల్ల మొదట బాగా అరుస్తుందట, తర్వాత తర్వాత మానేస్తుందట. కుదురుగా ఉన్నదే..."

అక్కడ ఆగిపోయాను. అమ్మ నా వైపు చూడలేదు, సంచీ వైపు చూసింది. నేను మెల్లగా వంగి పాప ముఖం చూశాను. కళ్ళు తెరిచే ఉంది. చూస్తోంది. కణతల దగ్గర చర్మం లోపలికి పోయింది, నోరు ఎండిపోయింది. రెండు నెలలుగా ఒళ్ళో పెట్టుకుని చూస్తున్న ముఖాన్ని అప్పుడే మొదటిసారి చూశాను.

అమ్మ ప్రొఫెసరమ్మ చెయ్యి పట్టుకుంది. భాష రాదు, అయినా ఆవిడనే అడిగింది. నేను ఇంగ్లీషులో చెప్పాను.

"దీని తల్లి లేదా?"

ఉందంది ఆవిడ. తండ్రి తిరిగి రాలేదు, తల్లి ఒక్కతే. చాలా రోజులు పస్తుండి కాపలా కాసింది. ఇప్పుడు వేటకి పోతోంది కానీ బరువు బాగా పడిపోయింది. దొరికిన చేప దాని ఒంటికే సరిపోవడం లేదు, పిల్లకి తేవడానికేం మిగలడం లేదు.

"ఆ తల్లికి ఎవరన్నా తిండి పెడితే?"

ప్రొఫెసరమ్మ ఆ ప్రశ్నకి కాస్త నవ్వింది. అడవి పక్షులకి మేం పెట్టం అంది. పెడితే బతుకుతుందా అని అమ్మ మళ్ళీ అడిగించింది. బతుకుతుంది, అంది ఆవిడ. తల్లి తింటే పిల్ల బతుకుతుంది, అందులో పెద్ద రహస్యమేం లేదు అంది. ఆ ఆఖరి మాట కూడా నేను అమ్మకి చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. నోరు దాని పని అది చేసుకుపోయింది.

దీవి నుంచి నేరుగా సిటీలో పిల్లల ఆసుపత్రికి వెళ్ళాం. అడిగినవాళ్ళందరికీ ఈసారి నిజం చెప్పాను, ఏం తిన్నాను, ఎంత తాగాను అన్నీ. చిన్న వయసు డాక్టరు, తలెత్తకుండా రాసుకున్నాడు, ఒక్క మాట అనలేదు. ఒకటి రెండు మాటలు అని ఉంటే బాగుండేది. పాప ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి పాలు ఎక్కించారు. నా రొమ్ములకి మిషను పెట్టి లాగారు. చుక్కలు వచ్చాయి. రోజూ లాగారు, రోజూ చుక్కలే. ఇప్పుడు అన్నీ తింటున్నాను, అన్నీ తాగుతున్నాను, ఏం లాభం. పాలు వెళ్ళిపోయాయి, తిరిగి రాలేదు. నా బిడ్డకి కడుపు నిండా పాలు ఇవ్వడం అన్నది నా చేతిలోంచి అలా పోయింది. ఈ మాట రాస్తుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఎవరినో కొట్టాలని ఉంటుంది. కొట్టడానికి ఎవరూ లేరు.

అమ్మ ఆ రోజులన్నీ వార్డులో మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నా చెవుల్లో దూది ఎప్పుడు తీసిందో నేను చూడలేదు. పాప మళ్ళీ ఏడవడం మొదలుపెట్టిన రోజు నర్సులందరూ సంతోషపడ్డారు. గుక్కపెట్టి ఏడుస్తుంటే మా ఆయన కూడా ఏడ్చాడు. అమ్మ లేచి కారిడార్‌లోకి వెళ్ళిపోయింది.

సంవత్సరం మారేటప్పుడు మా ఆయన బ్యాంకులో ఉన్నాడు. ఎక్కడ ఏం ఆగిపోతుందోనని అందర్నీ అక్కడే ఉంచేశారు. తెల్లవారాక ఫోన్ చేసి, ఏమీ కాలేదు, ఒక్కటి కూడా ఆగలేదు, అంతా మామూలే అన్నాడు. ఆ గొంతులో సంతోషం లేదు. ఏమీ కాకపోతే ఇక ఆయనతో వాళ్ళకి పని లేదని ఇద్దరికీ తెలుసు. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు ఎవరం చెప్పుకోలేదు.

అదే పొద్దున నర్సు ట్రేలో నా టిఫినూ, జగ్గు నిండా నీళ్ళూ పెట్టి, పాలు వచ్చినా రాకపోయినా నీళ్ళు మాత్రం పూర్తిగా తాగాలని చెప్పి వెళ్ళింది. పాప నిద్రపోతోంది. అమ్మ గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చింది. తాగాను. మళ్ళీ పోసింది. తాగుతుంటే నన్నే చూస్తూ కూర్చుంది.

"వాడు కూడా చివర్లో ఏడవలేదే," అంది.

నేను గ్లాసు దించాను.

"నాలుగైదు రోజులు అస్సలు ఏడవలేదు. కళ్ళు తెరుచుకుని చూసేవాడు. ఒళ్ళు కుదుటపడిందని మా అత్తగారు దిష్టి తీసింది. నేను దణ్ణం పెట్టుకున్నాను."

"అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు?"

"మజ్జిగ తాగినందుకు కాదు కదూ?"

ముప్పై ఏళ్ళు మోసిన పాపం నీది కాదమ్మా అని చెప్పగలిగే రోజు వస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, ఆ రోజు పండగ చేసుకుంటాననుకునేదాన్ని.

"నువ్వు చదువుకున్నావు, ఆ పక్షుల లెక్కలన్నీ చేశావు. నాకు అబద్ధం చెప్పకు. ఒక్క గ్లాసే తాగాను. ఇంకా తాగి ఉండాల్సింది, అంతేనా?"

కడుపు మాడ్చుకున్న పద్దెనిమిదేళ్ళ తల్లి, ఏడుపు మానేసిన పిల్లాడు. ఏ బరువులు తూచి చూసినా జవాబు ఒకటే.

"అంతే అమ్మా," అన్నాను.

అమ్మ తలూపింది. జగ్గులో మిగిలిన నీళ్ళు గ్లాసులో పోసి, నా చేతికి ఇచ్చి, తాగమంది.